మూడో వంతు

మకిండు కోర్టులో నేను దుబాసీని.
కంబాలో విన్నది ఇంగ్లీషులో చెప్పడం,
ఇంగ్లీషులో విన్నది కంబాలో చెప్పడం, ఇదే నా కూలి.
మధ్యలో నా మాట ఒక్కటీ కలపనని
చేరిన రోజే ప్రమాణం చేయించారు.

ఆ మంగళవారం బోనులో కవుతా.
మొగుడు న్జియోకా, నలభై ఒకటో ఏట,
మొంబాసా రోడ్డు పక్కన తేనె సీసాలు సర్దుకుంటుంటే
రేవు నుంచి కంపాలా పోయే కంటైనర్ లారీ
తారు దిగి, మట్టిలోకి దిగి, అతని మీదుగా వెళ్ళి
తుమ్మచెట్టు దగ్గర ఆగింది.
"ఆగింది" అనే అంది ఆమె. గుద్దింది అనలేదు.
నేనూ అలాగే చెప్పాను.

కంపెనీ వకీలు మర్యాదస్తుడు.
నెలకి ఎంత తెచ్చేవాడు?
వాన పడితే ఎక్కువ. పడకపోతే తేనెటీగల ఇష్టం.
రసీదులున్నాయా?
ఆ మాట ఆమెకి తెలుసు, నా అవసరం రాలేదు.
సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.
పాత సోడా సీసా, మూతకి బదులు మొక్కజొన్న కండె,
అడుగున వేలెడు తేనె, పేరుకుపోయి, ఇసుకలా.
వకీలు ముట్టుకోలేదు.
గుమాస్తా నంబరు వెయ్యలేదు.
మధ్యాహ్నం దాకా దాని మీద ఒక చీమ తిరిగింది.

డ్రైవరు బ్యారుహంగా వచ్చాడు.
ఎడమ మోచెయ్యి కింద ఏమీ లేదు.
రేవు వదిలాక ఎన్ని గంటలు పడుకున్నావంటే
ఉన్న చేతి వేళ్ళే లెక్కకి ఎక్కువయ్యాయి.
కంపెనీ కాగితాల్లో మాత్రం
ఆ రాత్రి అతను వోయిలో ఎనిమిది గంటలు నిద్రపోయాడు.
కవుతా అతన్ని చూసి, నాకు మాత్రం వినపడేలా,
"వీడికెవరిస్తారు?" అంది.
అది సాక్ష్యం కాదు. తర్జుమా చెయ్యలేదు.
అది నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాత లెక్క. ఆమె వకీలే విప్పి చెప్పాడు.
రసీదులు లేవు కనక సర్కారు కట్టిన కూలి,
పన్నెండు నెలలు,
బతికుంటే కష్టపడి ఉండే పదిహేనేళ్ళు,
అన్నీ హెచ్చవేసి
వచ్చినదాంట్లో మూడో వంతు కొట్టెయ్యాలి.
అది చనిపోయినవాడు తనకోసం ఖర్చు పెట్టుకునేది.

చెప్పాను. మళ్ళీ చెప్పమంది. చెప్పాను.
"తనకోసమా?"

అంతే, ఇక ఆగలేదు.
రేడియోకి రెండు బ్యాటరీలు.
నీరసిస్తే ఎండలో పెట్టి మళ్ళీ వాడేవాడు.
టైరు ముక్కల చెప్పులు, ఏదో లారీ టైరువే,
ఆరేళ్ళు అరగలేదు, రోడ్డు మీద ఒకటే దొరికింది.
ఆదివారం ఒక టీ.
తేనె అమ్మేవాడికి పంచదారేమిటే అని నవ్వేవాడు,
ఆ నవ్వు ఖర్చులో రాయకండి.
చిన్నదానికి జ్వరమొచ్చిన నెల ఆ టీ కూడా మానేశాడు.
"మూడో వంతు ఎక్కడ పెట్టాడో
మీకు తెలిస్తే చెప్పండయ్యా, వెళ్ళి వెతుక్కుంటాను."

అక్కడ నా గొంతు ఆమెకంటే ఒక అడుగు వెనకబడింది.
మేజిస్ట్రేటు గారు కలం ఆపి, ఫ్యాను వైపు చూసి,
చట్టం సగటు మనిషిని చూస్తుందమ్మా అన్నారు.
సగటుకి మా మాట వెంటనే దొరకలేదు.
"అందరిలాంటివాణ్ణి" అన్నాను.
ఆమె అడ్డంగా తలూపింది.
దాన్ని ఇంగ్లీషులోకి మార్చమని ఎవరూ అడగలేదు.

పదకొండు నెలలకి తీర్పు.
మూడో వంతు పోయింది, వకీలు వంతు పోయింది,
మిగిలినదాని మీద కంపెనీ అప్పీలుకెళ్ళింది.
వాయిదా రోజు పొద్దున్నే బస్సు దిగి వస్తుంది కవుతా.
సీసా నా బీరువాలో, స్టాంపుల పక్కన.
పట్టుకెళ్ళమంటే వద్దంటుంది.
"పై కోర్టులో అడిగితే?
పారెయ్యకు. రసీదు అది."